బందరు వీధులలో మన సంఘ చరిత్ర

మన డోర్నకల్ అధ్యక్ష మండలమునకు సముద్రము లేదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వారికి నీరనగా చెరువు. పెద్ద నీరనగా పాకాల, రామప్ప. అయినను ఒక కాలములో మన అధ్యక్ష మండలమునకు సముద్రతీరము ఉండేది. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో వి. యస్. అజరయ్యగారు బిషప్పుగా అభిషేకము పొందిననాడు ఆయనకు అప్పగించినది నైజాము రాజ్యములోని కొద్ది ప్రాంతము మాత్రమే. 1920 తరువాత కృష్ణా జిల్లాలో చర్చి మిషనరీ సొసైటీవారు పెంచిన సంఘములు కూడ డోర్నకల్ పరిధిలోనికి వచ్చినవి. అప్పటినుండి, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి కృష్ణా గోదావరి ప్రాంతము వేరొక అధ్యక్ష మండలమైనంత వరకు, బందరు మనది. సముద్రపు గాలికి తలుపులు కొట్టుకొనే బందరు దేవాలయము, మన పల్లెలలోని గడ్డి కప్పు ప్రార్థనశాల ఒకే బిషప్పుగారి చేతికింద ఉండినవి.

ఈ సంగతి పెద్దలకు లీలగా తెలుసు, పిల్లలకు అసలే తెలియదు. మాకు బందరు చూడవలెనను కోరిక పుట్టుటకు ఇంకొక కారణము కూడ ఉన్నది. మా మూడు ప్రాంతములలో ఒక సంఘములో శతజయంతి జ్ఞాపకార్థము పాలరాతి ఫలకము వేయించవలెనని తీర్మానించారు. వేయించుటలో అందరూ ఏకమే. ఎవరి పేర్లు చెక్కించవలెను అన్నదగ్గర తగవు వచ్చినది. చందా ఇచ్చినవారి పేర్లా? కమిటీ పెద్దల పేర్లా? ఇదివరకు పనిచేసిన అయ్యగార్ల పేర్లా? సంఘములో పెరిగిన వారెవరికైనా ఇటువంటి మీటింగులు ఎట్లు ముగియునో మేము చెప్పనక్కరలేదు. ఆఖరుకు ఒక పెద్దమనిషి, ‘రాళ్ళ మీద పేర్లు ఎట్ల రాసిన్రో ఒకసారి బందరు పోయి చూసొద్దాం పాండ్రి’ అన్నారు. నవ్వుకు అన్న మాటే గాని అది పట్టుబడినది.

జనగామవారు అక్కడనే రైలెక్కారు. భూపాలపల్లికి రైలు లేదు గనుక ఆ ఊరివారు బస్సులో వచ్చి కాజీపేటలో కలిశారు. మహబూబాబాదులో మిగిలినవారు ఎక్కారు. ఇది నైజాము కాలపు లైను, బెజవాడ వరకు 1889లో పూర్తియైనది. సింగరేణి బొగ్గు కొరకు డోర్నకల్ నుండి ఇల్లెందు వైపు కొమ్మ చీలినది. ‘మా కంపెనీ బొగ్గు లేకుంటే మీ డోర్నకల్ జంక్షనే లేదు’ అని భూపాలపల్లి గని కార్మికులు దారి పొడవునా మమ్ములను ఆటపట్టించారు. మాటలో నిజము లేకపోలేదు.

మనకు తీరముతో సంబంధము మిషనరీలతో మొదలైనది కాదని కూడ గుర్తుంచుకోవలెను. ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244 ప్రాంతములో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనము ప్రసిద్ధమైనది. గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును ఇకమీదట రాజులు కాజేయరని, న్యాయమైన సుంకము మాత్రమే తీసుకొందురని ఆయన పరదేశపు వర్తకులకు మాట ఇచ్చినాడు. మోటుపల్లి తరువాత పేరుకెక్కిన రేవు బందరు. ‘బందరు’ అను పారశీక మాటకు అర్థమే రేవు. గోలకొండ సుల్తానుల కాలములో వజ్రములు, వస్త్రములు ఈ రేవు నుండి ఓడలెక్కినవి. ఇప్పటికిని హైదరాబాదు మీదుగా పోయే పెద్ద రహదారి చివర బందరులోనే ఆగును.

బందరులో మాకు దారి చూపినవారు బడి నుండి రిటైరైన ఒక ఉపాధ్యాయులు, అక్కడి సంఘస్థులు. మేము ‘సార్’ అన్నాము. ఆ ఊరివారు ‘మాష్టారూ’ అన్నారు. ఆయన మొదటనే ఒక షరతు పెట్టారు. ‘ఆటోలు కోటకూ సముద్రానికీ మాత్రమేనండి. ఊరంతా కాళ్ళతోనే చూడాలి’ అన్నారు. ఎనభైకి దగ్గరపడిన ఆయనే నడుస్తుండగా మాలో ఆటో కావాలన్నవారికి నోరు పెగలలేదు.

ఊరిలో పేటల పేర్లే ఒక చరిత్ర పుస్తకము. వలందపాలెము అనగా వలందులు, అంటే హాలెండు దేశస్థులైన డచ్చివారు ఉండిన చోటు. పరాసుపేట ఫ్రెంచివారిది, పాతకాలపు తెలుగులో వారు పరాసులు. ఇంగ్లీషుపాలెమునకు వివరణ అక్కరలేదు. డచ్చివారు పదిహేడవ శతాబ్దపు తొలి సంవత్సరములలో వచ్చినారు, ఆంగ్లేయుల ‘గ్లోబ్’ అను ఓడ 1611లో వచ్చినది. అప్పటికి మద్రాసు అను పట్టణమే లేదు. అక్కడ సెయింట్ జార్జి కోట లేచినది 1640లో. వారందరు వచ్చినది ముఖ్యముగా గుడ్డ కొరకు. కలముతో గీసి, అచ్చులతో అద్ది, చెట్ల వేళ్ళనుండి తీసిన రంగులలో ముంచిన ఆ గుడ్డలను పారశీక దేశము మొదలుకొని జావా వరకు కట్టుకొన్నారు. బందరు ప్రక్కనున్న పెడనలో అచ్చు అద్దకము నేటికిని జరుగుచున్నది. మా గుంపులో నేతపని కుటుంబములో పుట్టిన వారొకరు ఉన్నారు. ఆయన మూడు పేటల పేర్లు విని, ‘కొన్నోళ్ళ పేర్లు పేటలకున్నయి. మరి నేసినోళ్ళవి, అద్దినోళ్ళవి?’ అన్నారు. మాష్టారు కొంచెము ఆగి, ‘అదే చూపించబోతున్నానండి’ అన్నారు.

తరువాత డచ్చివారి సమాధుల తోటకు వెళ్ళాము. పురావస్తు శాఖవారి రక్షణలో ఉన్నది. నల్లని పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నములు, పక్షులు, కిరీటములు, చుట్టు లతలు ఎంతో నేర్పుగా చెక్కి ఉన్నవి. అక్షరములు డచ్చి భాషలోను, లాటినులోను ఉన్నవి. మూడు వందల సంవత్సరములు దాటిన రాళ్ళు అంత స్పష్టముగా ఉండుట చూచి మేము ఆశ్చర్యపడినాము. ఆ చెక్కిన శిల్పులు ఈ దేశస్థులే అయి ఉందురు. అంత చక్కగా చెక్కినను తమ పేరు ఒక మూలనైనా వేసుకొనలేదు. మాతో వచ్చిన ఒక వృద్ధురాలు, స్త్రీల మైత్రి సభ్యురాలు, రాళ్ళ నడుమ నెమ్మదిగా తిరిగి వచ్చి, ‘గీ రాళ్ళన్ని దొరలయే గద బిడ్డా! మనోళ్ళ పేర్లు యాడ రాసిన్రు?’ అని అడిగినది.

‘మనవాళ్ళ పేర్లు రాతి మీద ఉండవమ్మా, పుస్తకంలో ఉంటాయి’ అన్నారు మాష్టారు. ఏ పుస్తకమో ఆయన అప్పుడు చెప్పలేదు.

సెయింట్ మేరీ దేవాలయము చూచుటకు మా పిల్లలు మిక్కిలి ఆతురపడినారు. కారణము అందరికి తెలిసినదే. కుంపిణీ సైన్యములోని జాన్ పేటర్ అను సేనాధిపతి అరబెల్లా రాబిన్సన్ అను యువతిని ప్రేమించినాడు. పెండ్లి జరుగక మునుపే ఆమె చనిపోయినది. ఆమె దేహమును శ్మశానములో ఉంచుటకు గురువులు ఒప్పుకొనలేదట. అందుచేత అతడు స్థలము కొని, ఆమెను అందులో ఉంచి, పైన ఈ దేవాలయము కట్టించినాడట. చెడకుండ మందులు పూసిన ఆ దేహమును చాలకాలము వరకు చూడగలిగెడివారని కూడ ఊరిలో చెప్పుకొందురు. కథలో ఎంత నిజమో ఎంత కల్పనయో గాని, సినిమాకు తగిన కథ. మా యువకులు అక్కడ నిలిచినంతసేపు మరెక్కడను నిలువలేదు. మేమేమియు అనలేదు. కాని ఒక మనిషి దుఃఖమునకు ఒక దేవాలయమే లేచిన ఊరిలో, వేలమంది దుఃఖమునకు ఒక రాయి కూడ లేని సంగతి ఆ సాయంత్రమే మాకు తెలియవలసి ఉన్నది.

మేము ఎక్కువసేపు కూర్చున్నది నోబుల్ కళాశాల ఆవరణలో. చెట్టు నీడలో మాష్టారు చెప్పిన పాఠము గంటకు పైగా సాగినది, ఎవరును లేవలేదు. మన తెలుగు దేశములో ఆంగ్లికను సంఘ చరిత్ర ఒక విధముగా ఇక్కడనే మొదలైనది. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ వాట్సన్ ఫాక్సు అను ఇద్దరు చర్చి మిషనరీ సొసైటీ తరఫున వచ్చినారు. పనిని పంచుకొన్నారు. ఫాక్సు గుడారము కట్టుకొని పల్లెల వెంట, తిరునాళ్ళ వెంట తిరిగినాడు; ఆరోగ్యము చెడి ఇంగ్లాండుకు వెళ్ళి 1848లో చిన్న వయస్సులోనే మరణించినాడు. నోబుల్ ఊరు వదలలేదు. 1843 నవంబరులో బడి తెరచినాడు. మొదటి రోజు విద్యార్థులు ఇద్దరే. పెండ్లి చేసుకొనలేదు. ఇరువది నాలుగు సంవత్సరములలో ఒక్కసారియైనను స్వదేశమునకు పోలేదు. 1865 అక్టోబరు 17న బందరులోనే కన్నుమూసినాడు.

అటువంటి త్యాగమును తక్కువచేసి మాటలాడుట మాకు తగదు. అయినను మాష్టారు దాచకుండ చెప్పిన ఇంకొక సంగతిని మేము దాచుట కూడ తగదు. నోబుల్‌గారి బడి మొదట పై కులముల పిల్లల కొరకు పెట్టిన బడి. లోకము అంటరానివారన్న కులముల పిల్లలకు అందులో చోటు లేదు. సువార్త ముందుగా పెద్ద కులములకు, చదువుకొన్నవారికి అందవలెను, వారినుండి క్రిందికి దిగివచ్చును అని ఆయన నమ్మకము. మిట్టమీద నీరు పెట్టితే పల్లమునకు అదే పారునన్నట్లు. ఆ కాలములో అట్లు నమ్మినవారు ఆయన ఒక్కరే కాదు.

1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము కోరినారు. ఇద్దరును పై కులస్థులు. ఊరు ఊరంతా అట్టుడికినది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ అయినది. ఆ ఇద్దరు వెనుకకు పోలేదు. తరువాత ఇద్దరును గురువులుగా అభిషేకము పొంది పనిచేసినారు. ఇల్లు, ఆస్తి, తల్లి చేతి అన్నము విడిచి వచ్చినవారి త్యాగము కూడ చిన్నది కాదు. కాని ఒక తరము కాలము పాటు ఎంతో శ్రమపడి నడిపిన ఆ బడినుండి బాప్తిస్మమునకు వచ్చినవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మంది. మిట్టమీద పెట్టిన నీరు మిట్టమీదనే ఇంకిపోయినది.

నీరు వేరొక దారిన పారినది. దానిని చెప్పుటకు మాష్టారు బందరు విడిచి, బెజవాడకు ఎగువన నైజాము సరిహద్దు వైపునున్న రాఘవాపురమునకు మా మనస్సులను తీసికొనిపోయినారు. అక్కడ పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు ఉండెను. యౌవనములో దోపిడీలకు పేరుపడినవాడు. ఏ బడి మెట్టు ఎక్కినవాడు కాడు. దేవుడు రాతిలోను కర్రలోను లేడని ఎవరో అనగా విని, విగ్రహములు మానుకొని, తెలియని దేవునికి తన మాటలలో ప్రార్థించుకొనుచు ఉండినాడు. కృష్ణా స్నానముల వేళ బెజవాడ వచ్చినప్పుడు అక్కడి మిషనరీ డార్లింగుగారిని కలిసి, తాను వెదకుచున్న దేవుడు ఈయనే అని గుర్తించినాడని సంఘ చరిత్రకారులు వ్రాసినారు. 1859లో తన వారితో కూడ బాప్తిస్మము పొందినాడు. అంతటితో ఊరుకొనలేదు, చుట్టు పల్లెలకు తానే కాలినడకన వెళ్ళి చెప్పినాడు. మాలపల్లె నుండి మాలపల్లెకు, అక్కడనుండి మాదిగవాడకు, చుట్టరికముల వెంట, పెండ్లిండ్ల వెంట, కూలి దారుల వెంట సువార్త పాకినది.

‘నోబుల్‌గారు వెంకయ్యను బడిలో చేర్చుకొనేవారు కారు. కాని ఈ జిల్లాలో నోబుల్‌గారి కోరిక నెరవేర్చినవాడు వెంకయ్యే’ అన్నారు మాష్టారు. మా గుంపులో కొందరికి ఆ మాట రుచించలేదు. ‘బడి లేకుంటే మన పిల్లలకు చదువు యాడిది? ఉపదేశకులు యాడికెల్లి వచ్చిన్రు?’ అని ఒకరు అడ్డము వచ్చినారు. అదియు న్యాయమైన ప్రశ్నయే. వెంకయ్య వంటివారు తెరచిన పల్లెలలో నిలిచి చదువు చెప్పుటకు ఉపదేశకులు కావలసి వచ్చినది. వారిని తయారుచేయు పాఠశాలలు బందరు మిషను నుండే పుట్టినవి. ఆర్డెనుగారు రాఘవాపురము వైపు పనిచేసి, తెలుగు నేర్చి, 1873లో తెలుగు వ్యాకరణము ప్రకటించినారు. ఇంగ్లీషువారు చాలకాలము ఆ పుస్తకము పట్టుకొనియే తెలుగు నేర్చినారు. బడికి పల్లె, పల్లెకు బడి ఋణపడి ఉన్నవి. అయితే రెండింటిలో ఒకదానికే రాతి భవనము, రాతి పేరు దక్కినవి. మా అభిప్రాయము ఇది: నోబుల్‌గారి సమాధికి పూలు పెట్టవలసినదే, అదే చేతితో వెంకయ్య పేరు ఆదివారపు బడిలో చెప్పవలసినదే. మొదటిది చేయుచున్నాము. రెండవది మన పిల్లలలో ఎందరు విన్నారో అడిగి చూడండి.

మధ్యాహ్న భోజనము అక్కడి సంఘమువారు పెట్టినారు. చేపల పులుసు కారమునకు జనగామవారి కండ్లలో నీళ్ళు తిరిగినవి. మన కారము గొప్పదని అంతవరకు అనుకొన్నాము. బందరు లడ్డు సంగతి వ్రాయనక్కరలేదు. చిలకలపూడి గిల్టు నగల కొట్ల దగ్గర స్త్రీలను కదలించుట మోషేకు కూడ సాధ్యము కాదు.

సాయంత్రము ఆటోలలో కోటకు వెళ్ళాము. బందరుకోట 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతినుండి పట్టుకొన్న కోట. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి చేతికి పోవుటకు అదే ద్వారము. ఇప్పుడు కూలిన గోడలు, మొండి భవనములు, ముండ్లపొదలు, ఉప్పు నేల. తీరము లోతులేనిది గనుక పెద్ద ఓడలు కొన్ని మైళ్ళ దూరముననే లంగరు వేసెడివి. మేకులు లేక కొబ్బరి త్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలలో సరుకును, మనుష్యులను ఒడ్డుకు చేర్చెడివారు. ఒండ్రు పేరుకొన్న కొలది రేవు క్షీణించినది. 2023లో కొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి గనుక ఆ ఊరివారికి తిరిగి ఆశ పుట్టినది.

కాని కోటను నిజముగా ఖాళీ చేయించినది ఏ సైన్యము కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో కూడ సముద్రము లేచి వచ్చినది. పోటు మట్టమునకు పైన పదమూడు అడుగుల ఎత్తున నీరు ఊరిని ముంచినది; కొన్నిచోట్ల పదిహేడు మైళ్ళ లోపలికి పోయినది. చనిపోయినవారు ముప్పై వేలమంది అని అంచనా. మిషనులో షార్కీ దంపతులు నడిపిన ఆడపిల్లల వసతి బడిలోనే ముప్పైమందికి పైగా పిల్లలు ఆ రాత్రి కొట్టుకొనిపోయినారు. మన అధ్యక్ష మండలములో పెద్దలకు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన జ్ఞాపకమున్నది. వేలాది శవములు పొలములలో తేలిన వార్తలు పత్రికలలో చదివి ఏడ్చినాము. అంతకు నూటపదమూడు ఏండ్ల క్రిందటి ఉప్పెన ఇది.

మాష్టారు సముద్రము వైపు తిరిగి, ‘ఆరాధన క్రమంలో నవంబరు 1 ఏ దినమండీ?’ అని అడిగారు. మొదట ఎవరును పలుకలేదు. తరువాత మా ఉపదేశకులొకరు నెమ్మదిగా, ‘సకల పరిశుద్ధుల దినము’ అన్నారు.

పేరు తెలిసిన పరిశుద్ధులకు వేరు వేరు దినములున్నవి. పేరు తెలియనివారినందరిని కలిపి సంఘము జ్ఞాపకము చేసికొను దినము అది. ఆ ఆడపిల్లలలో ఒక్కరి పేరును చెక్కిన రాయి మాకు ఆ నడకలో కనబడలేదు. వారు ఎవరి పిల్లలో, ఏ పల్లెలనుండి చదువు కొరకు వచ్చినారో, తల్లులకు కబురు ఎన్ని దినములకు చేరినదో! మాతో వచ్చిన వృద్ధురాలు ఇసుకలో కూర్చుండి కొంగు కండ్లకు ఒత్తుకొన్నది. అందరము నిలిచి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుకొన్నాము. అది ఏర్పాటులో లేనిది.

తిరుగు రైలులో మాటలన్నియు అజరయ్యగారి మీదికి మరలినవి. ఆయన తిరునెల్వేలి వారు. ఆ ప్రాంతపు క్రైస్తవులు 1903లో స్వంత చందాలతో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించి మన ప్రాంతమునకు పనివారిని పంపినారు. 1909లో ఆయనయే డోర్నకల్ వచ్చినారు. అనగా మనకు సువార్త రెండు దారుల వచ్చినది. ఒకటి దక్షిణపు తమిళ సోదరులు తెచ్చినది, రెండవది బందరు తీరమున మొదలై బెజవాడ, రాఘవాపురము మీదుగా ఖమ్మంమెట్టు వైపు పాకినది. రెండును 1920 తరువాత ఒక అధ్యక్ష మండలములో కలిసినవి. అప్పుడు బిషప్పుగారి ముందు రెండు విధముల సంఘము నిలిచినది: బందరు పట్టణపు చదువుకొన్న కొద్దిమంది, పల్లెలలోని పాలేర్లు, కూలీలు, చెప్పులు కుట్టేవారు వేలమంది. ఆయన పల్లెల పక్షము నిలిచినారు. మాలలు మాదిగలు ఒకే బల్లయొద్ద, ఒకే పాత్రలో ప్రభువు భోజనము తీసుకొనవలెనని పట్టుబట్టినారు. ఆ పట్టుదల మన పల్లెలలో ఎంత కష్టమైనదో, ఎక్కడెక్కడ నేటికిని పూర్తికానిదో మన కందరికి తెలిసినదే. బాప్తిస్మము పొందినవారిని తమ తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటింపకపోయిన తమకు శ్రమ అని పలుకజేసెడివారు. చదువు లేనివాడు కూడ సువార్తికుడే అని దాని భావము; వెంకయ్య చేసినది అదే గదా. 1930ల నడిమికి అధ్యక్ష మండలపు క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది. వారి బ్రతుకులలోని మార్పును చూచి పై కులములవారు కూడ రాసాగిరి. నోబుల్‌గారు పైనుండి క్రిందికి వచ్చునని ఎదురుచూచినది క్రిందినుండి పైకి వచ్చినది.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన మన ఎపిఫనీ కతీడ్రలును ఆయన ఇంగ్లీషు గోపురము పద్ధతిన కట్టించలేదు. గుమ్మటములతో, మన దేశపు పని కనబడునట్లు కట్టించినారు. దానిలోనికి వెళ్ళిన ధనములో ఎన్ని గుప్పెళ్ళ బియ్యము ఉన్నదో లెక్క లేదు. వండబోవు ముందు గుప్పెడు తీసి ప్రక్కన పెట్టిన మన అమ్మమ్మల పేర్లు ఏ స్తంభము మీదను లేవు. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించినారు. సమాధి డోర్నకల్‌లోనే ఉన్నది.

మాష్టారు చెప్పిన పుస్తకము ఏదో మాకు బందరు విడిచే ముందే తెలిసినది. బాప్తిస్మముల రిజిష్టరు. అజరయ్యగారి కాలమునకు ముందునుండియు ప్రతి గురువు నింపవలసిన పుస్తకము అది: తేదీ, పేరు, తలిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చిన వారి సంతకము. మన పల్లెవాసులలో చాలమంది పేరు జీవితములో మొదటిసారి సిరాతో వ్రాయబడినది అందులోనే. దొర పట్టా వ్రాయలేదు, పటేలు, పట్వారి వ్రాసిననాడు బాకీ క్రిందనే వ్రాసినారు.

వచ్చిన తరువాత మా మూడు చోట్లను బీరువాలు తెరిపించాము. ఒకచోట రెండు పాత పుస్తకములకు చెదలు పట్టినవి; అంచులు తిని నడిమి మిగిలినది, తేదీలు పోయి పేర్లు ఉన్నవి. ఒకచోట అట్ట ఊడి, కాగితములు పాత సంచిలో కట్టి ఉన్నవి. యవ్వనస్థులు ముగ్గురు నలుగురు శనివారములు కూర్చుండి నకలు వ్రాయుచున్నారు, ఫోనులతో ఫోటోలు కూడ తీయుచున్నారు. వృత్తి గడిలో పుటకు పుట ఒకటే మాట: పాలేరు, కూలి, కూలి, పాలేరు, అక్కడక్కడ చెప్పులు కుట్టువాడు, ఒకచోట వెట్టి. పేరు గడిలో దుర్గయ్య దావీదు అగుచున్నాడు, ఎల్లమ్మ ఎలీసబెతు అగుచున్నది. కొందరు గురువులు పాత పేరును కొట్టివేయక ప్రక్కన ఉంచినారు, వారికి మేము ఎంతో కృతజ్ఞులము. ఆ వృద్ధురాలు తన నాయనమ్మ వరుస దొరకువరకు ప్రతి శనివారము వచ్చి బల్ల చివర కూర్చుండినది. నాలుగవ శనివారము దొరికినది. చదివి వినిపించమన్నది, మరల చదవమన్నది.

పాలరాతి ఫలకము మీటింగు ఇంకను జరుగవలసి ఉన్నది.